ఏడో కారు

2006 జూన్ 13, మంగళవారం, ఉదయం 7 గంటల 40 నిమిషాలు. న్యూజీలాండ్‌లో జూన్ చలికాలం; టౌరంగాలో ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు. నా షెడ్డు ముందున్న గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. గాలి లేదు. లాగే ట్రక్కు ఒకటి గేటు దగ్గర ఆగింది. దాని మీద వెండి రంగు కారు, 1998లో తయారై జపాన్ నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ బండి. ట్రక్కు ముందు సీటులోంచి కేర్‌వర్కర్ యూనిఫాంలో ఒక ఆమె దిగింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో రెండే రెండు కాగితాలు.

ఆమె పేరు మేరీ సువర్ణ. బాపట్ల దగ్గరి మనిషి. నడవలేని వృద్ధుల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించడం, మందులు ఇవ్వడం ఆమె ఉద్యోగం. రోజుకు ఏడెనిమిది ఇళ్లు. పాపమోవాలో ఒకరు, వెల్కమ్ బేలో ఒకరు, మౌంట్ వైపు ఇంకొకరు. సొంత కారు లేకపోతే ఆ ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే వర్క్ పర్మిట్ లేదు. ఆమె కారు కొన్నది మే 6, శనివారం. నా దగ్గరికి వచ్చింది ముప్పై ఎనిమిదో రోజు.

"గేరు పడట్లేదు అంకుల్," అంది. "ముందు కుదుపులిచ్చేది. తర్వాత తర్వాత ఎత్తులు ఎక్కడం మానేసింది. వెల్కమ్ బే ఎత్తు మీద ఆగిపోయింది. ఇంట్లో ముసలామె నా కోసం చూస్తా ఉంది, నేను రోడ్డు మీద ఉన్నా."

"మొదట కుదుపిచ్చింది ఏ తేదీన?"

"మే ఇరవై రెండు, సోమవారం."

"ఆగిపోయింది?"

"జూన్ రెండు."

"మధ్యలో పదకొండు రోజులు ఎందుకు నడిపావమ్మా?"

"అమ్మినాయన్ని అడిగాను. నెమ్మదిగా తోలమ్మా, జపాన్ బండి, మన రోడ్డు అలవాటైతే సర్దుకుంటుంది అన్నారు."

ముప్పై నాలుగేళ్లు వాహనాలతో గడిపాను. మొదటి ఇరవై ఒక్క సంవత్సరాలు తెనాలి దగ్గర బస్సు డిపోలో, మిగిలిన పదమూడు న్యూజీలాండ్‌లో తనిఖీదారుగా. గేర్‌బాక్సు రోడ్డుకు అలవాటు పడటం నేనెక్కడా చూడలేదు. ఆ మాట అన్న మనిషికి కూడా అది తెలుసు. 2009లో పని మానేశాక ఇది రాస్తున్నాను. ఈ వృత్తిలోకి వస్తున్న మన పిల్లలు కొందరు, తనిఖీ ఎలా చేయాలో రాయమని అడిగారు. తనిఖీ పుస్తకాల్లో ఉంది. పుస్తకాల్లో లేనిదే ఇక్కడ రాస్తాను.

మీటరు కూడా సాక్షే

న్యూజీలాండ్‌లో నాకు మొదట పని ఇచ్చినవాడు హామిల్టన్‌లో గరాజు నడిపే రాన్ అనే కివీ పెద్దాయన. మాటలు తక్కువ. మొదటి నెలలో నేను రాసిన నివేదికలో "ఈ కారు 52,000 కిలోమీటర్లు తిరిగింది" అని ఉంటే, ఆ వాక్యాన్ని కొట్టేశాడు.

"నువ్వు దాని వెనకాల పరిగెత్తి కొలిచావా?" అని అడిగాడు.

"మీటరు చూపిస్తోంది కదా."

"అయితే మీటరు చూపిస్తోందని రాయి. మీటరు కూడా ఒక సాక్షే. ఆ సాక్షిని ఎవరు తీసుకొచ్చారో చూడు."

అంకెను మించి దేన్నీ నమ్మని నాకు ఆ మాట మింగుడుపడలేదు. కొన్ని నెలలు పట్టింది. అంకె అబద్ధం చెప్పదని అప్పటివరకూ అనుకునేవాణ్ణి. అంకె ఏమీ చెప్పదు. దాన్ని రాసినవాడో, తిప్పినవాడో చెబుతాడు.

సువర్ణ కారు మీటరు 78,412 చూపిస్తోంది. బానెట్ ఎత్తాను. జపాన్‌లో టైమింగ్ బెల్టు మార్చినప్పుడు ఇంజన్ మీద చిన్న స్టిక్కరు అంటిస్తారు. తేదీని తమ చక్రవర్తి శకంలో రాస్తారు, పక్కన కిలోమీటర్లు. ఎవరో ఆ స్టిక్కరును గోటితో గీకి తీయబోయారు. సగం మిగిలింది. హేసే 15వ సంవత్సరం, అంటే 2003. కిలోమీటర్లు 1,01,300. మూడేళ్ల క్రితం లక్ష దాటిన బండి నేడు డెబ్బై ఎనిమిది వేల దగ్గర ఉంది. గేర్‌బాక్సు నూనె తీసి తెల్ల గుడ్డ మీద వేశాను. నల్లగా ఉంది, కాలిన వాసన. అడుగున ఇనుప రజను. పదకొండు రోజుల్లో తయారయ్యేది కాదు అది.

"అమ్మింది ఎవరు?" అని అడిగాను.

"ప్రభాకర్ అంకుల్," అంది సువర్ణ. నేను రాసుకోవడం ఆపాను. టౌరంగా తెలుగువాళ్లలో ఆయన్ని తెలియనివారు లేరు.

అమ్మింది ఎవరు

చెడ్డ కారు కొన్నవారు మీ దగ్గరికి వస్తే కారు గురించి అడగకముందే ఈ ప్రశ్న అడగండి. చట్టం అక్కడినుంచే రెండు దారులవుతుంది.

అమ్మింది నమోదైన వ్యాపారి అయితే వినియోగదారుల హామీల చట్టం మీ వెంట ఉంటుంది. వస్తువు నాణ్యంగా ఉండాలి, చెప్పిన మాటకు తగ్గట్టు ఉండాలి. లోపం బయటపడగానే నడపడం ఆపి, రాతపూర్వకంగా తెలియజేసి, బాగుచేసే అవకాశం ఇవ్వాలి. లోపం పెద్దదైతే, లేదా సహేతుకమైన గడువులో బాగుచేయకపోతే, కారును తిరస్కరించి సొమ్ము వెనక్కి అడగవచ్చు. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను" అని వ్యాపారి రాయించుకున్న కాగితానికి విలువ లేదు. వ్యాపారి కారు అద్దానికి సమాచార పత్రం అంటించాలి. దాన్ని పారేయకండి. వివాదం తేలకపోతే వాహన వివాదాల ట్రిబ్యునల్ ఉంది. అక్కడ లాయర్లు వాదించరు, మనమే మాట్లాడుకోవాలి.

అమ్మింది మామూలు మనిషి అయితే ఆ హామీల్లో ఏదీ వర్తించదు. అతడు అబద్ధం చెప్పి అమ్మాడని మీరే రుజువు చేయాలి. వేరే చిన్న వివాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ మాటకు మాట, కాగితం లేనివాడు ఇంటికి. ఆ రోజుల్లో వేలంలో కొన్న బండికి కూడా ఈ హామీలు ఉండేవి కావు. చవగ్గా వస్తుందని వేలానికి పరిగెత్తిన మనవాళ్లు నా దగ్గరికి వచ్చి కూర్చుంటే నేను చేయగలిగింది టీ ఇవ్వడమే.

నిజాయితీ వల్ల నష్టపోయినవాళ్లూ ఉన్నారు. ఏలూరు నర్సు ఒకామె వ్యాపారి ఇచ్చిన ఫారంలో "వ్యాపార అవసరానికి" అన్న గడిలో టిక్కు పెట్టింది. ఎందుకు పెట్టావమ్మా అంటే, "డ్యూటీకే కదండీ వెళ్తాను, సరదాకి కాదుగా" అంది. ఆ ఒక్క టిక్కు చూపించి హామీలు నీకు వర్తించవన్నాడు వ్యాపారి. ఉద్యోగానికి వెళ్లడం వ్యాపారం కాదని చెప్పి గెలిచింది గాని, ఐదు నెలలు పట్టింది. ఆ గడి ఎందుకుందో ఆమెకు చెప్పవలసినవాడే దాని పక్కన వేలు పెట్టి చూపించాడు. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక సువర్ణ దగ్గరున్న రెండు కాగితాలు. ఒకటి యాజమాన్యం మారినట్టు పోస్టాఫీసులో ఇచ్చిన చీటీ. అందులో అమ్మినవారి పేరు ప్రభాకర్ కాదు, ఆయన బావమరిది. రెండోది బ్యాంకులోంచి ఐదువేల ఎనిమిది వందల డాలర్లు తీసిన స్లిప్పు. నగదు. రసీదు లేదు.

"రసీదు అడగలేదా?"

"ఎలా అడుగుతాం అంకుల్. మేం దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి ఆయనే వచ్చారు. ఫ్లాట్ ఆయనే చూపించారు. మొదటి వారం బియ్యం, కందిపప్పు, పచ్చడి ఆంటీ పంపించారు. వాళ్లింటి సాంబారు తిని రసీదు ఇవ్వండంటే ఏం బాగుంటుంది?"

మనవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు ఇది. ప్రభాకర్ వ్యాపారమంతా ఆ సాంబారు మీదే నిలబడి ఉంది. దిగినవాళ్లకు అన్నం పెట్టేవాడు, నాలుగో వారంలో కారు పెట్టేవాడు. ప్రతి కారూ ఎవరో ఒకరి పేరు మీద ఉండేది. భార్య, బావమరిది, ఇంట్లో అద్దెకున్న కుర్రవాడు. ఏ కాగితంలోనూ ఆయన ఉండడు. కాబట్టి ఆయన వ్యాపారి కాడు, సువర్ణకు హామీలు లేవు.

అయితే చట్టంలో ఒక అంకె ఉంది. పన్నెండు నెలల్లో ఆరు కంటే ఎక్కువ వాహనాలు అమ్మినవాణ్ణి, కాదని అతడు రుజువు చేసుకోలేకపోతే, నమోదు ఉన్నా లేకపోయినా వ్యాపారిగానే చూస్తారు. ఆరు కాదు, ఆరు కంటే ఎక్కువ. సువర్ణకు ఉద్యోగం మిగలాలంటే ఏడు కార్లు చూపించాలి.

ఆమెను పనిలో పెట్టుకున్న సంస్థ ఆగస్టు 31 వరకు గడువిచ్చింది. అప్పటిదాకా నడిచి, బస్సెక్కి వెళ్లగలిగిన ఇళ్లే ఇచ్చారు. వారానికి 38 గంటల పని 14 గంటలకు పడిపోయింది. జూన్ 26, సోమవారం, ఆమె పేరుతో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేశాం. విచారణ ఆగస్టు 22కు పడింది.

పద్నాలుగు ఇళ్లు

కార్లు లెక్కపెట్టుకుంటూ ఇల్లిల్లూ తిరగడం తనిఖీదారు పని కాదు. రాన్ ఉంటే నన్ను తిట్టేవాడు. సాక్ష్యం చెప్పేవాడు సాక్ష్యం వెతకకూడదు అనేవాడు. అది సరైన మాటే. మీరు నాలా చేయకండి. నేను ఎందుకు చేశానంటే, ఇంకెవరూ చేయరని నాకు తేలిపోయింది గనుక.

జూన్ 17 నుంచి జూలై 16 వరకు శని, ఆదివారాల్లో పద్నాలుగు ఇళ్లకు వెళ్లాను. పద్నాలుగు ఇళ్లలోనూ కాఫీ ఇచ్చారు. తొమ్మిది ఇళ్లలో కాఫీ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు.

చిన్న డెయిరీ, అంటే ఇక్కడి వీధి కిరాణా కొట్టు, నడిపే కరీంనగర్ ఆయన, పేరు శ్రీనివాస్, గల్లాపెట్టె వెనకనుంచే మాట్లాడాడు.

"మూర్తి గారూ, ఆ బండి ఇంజను ఎప్పుడో బోరుకొచ్చింది, మూలకు పడేసిన. ఇప్పుడు దాని సంగతెందుకు?"

"ఎప్పుడు కొన్నారు?"

"యాదికి లేదు."

"ఎంతకాలం నడిచింది?"

"నాలుగు నెలలు గూడ నడవలే."

"అది యాదికుంది."

ఆయన నవ్వాడు. "మీకేం సార్, మీరు ఇన్‌స్పెక్టరు. రేపు మా అమ్మానాన్నల వీసా కాగితాలు ఎవరు నింపిస్తరు? మీరు నింపిస్తరా?"

"నింపిస్తాను."

"గట్లనే అంటరు అందరు," అని ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఇంకో ఇంట్లో భర్త ఇస్తానన్న కాగితాన్ని భార్య లాక్కుంది. ఆమె నన్ను అన్న మాట ఇది: "మా కారు మంచిదే అంకుల్. ఇంజనొక్కటే మార్చాం." హాస్యం కాదు, నమ్మే అంది. మూడో ఇంట్లో ఒక పెద్దమనిషి, నాకంటే చిన్నవాడే, నన్ను గేటు దాకా సాగనంపుతూ, "మనలో మనం రచ్చ చేసుకుంటే కివీలు నవ్వుతారండీ" అన్నాడు. సువర్ణ ఎత్తు మీద ఆగిపోయినప్పుడు కారును పక్కకు నెట్టింది కివీలే. ఒక పాల ట్యాంకరు డ్రైవరు, ఒక పోస్టుమనిషి. మనవాళ్లు ఎవరూ ఆ రోడ్డున రాలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. "పొరపాటు మాట అనేశాను" అన్నాడు గాని సంతకం పెట్టలేదు.

దొంగ మీద ఉండవలసినంత కోపం నాకు ఎప్పుడూ ఉంది. మోసపోయి, అప్పు చేసి ఇంజను మార్పించుకుని, మోసపోయినట్టు కనపడకూడదని పక్కింటివాణ్ణి కూడా అదే మనిషి దగ్గరికి పంపినవాళ్ల మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆ పద్నాలుగు ఇళ్లలో కనీసం మూడు, ఇంకొకరికి ప్రభాకర్ పేరు సిఫారసు చేసిన ఇళ్లు. సువర్ణను ఆయన దగ్గరికి పంపింది వాటిలో ఒకటి.

ఐదు కుటుంబాలు తేదీ వేసి సంతకం పెట్టాయి. సువర్ణతో కలిపి ఆరు. ఆరు కార్లతో ట్రిబ్యునల్‌కు వెళ్తే ఆయన మామూలు మనిషే.

పాస్టరమ్మ ఆల్బమ్

దారి చూపింది సువర్ణే. మాట్లాడుతూ మాట్లాడుతూ, "మా కారు ప్రార్థన రోజున ప్రభాకర్ అంకులే తాళం అందించారు" అంది.

మన క్రైస్తవ కుటుంబాలు కారు కొంటే మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక దాన్ని చర్చి ముందు నిలబెట్టి ప్రార్థన చేయిస్తారు. పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి ఉంచుతారు. తాళాలు ఆయన చేతుల మీదుగా ఇంటివారికి వెళ్తాయి. తర్వాత అందరూ కారు ముందు నిలబడి ఫోటో. నేను హిందువును, ఆ ప్రార్థనలకు వెళ్లలేదు. మా వైపు నిమ్మకాయలు తొక్కిస్తారు, ఎవరూ ఫోటో దాచరు.

"ఆ ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి?"

"పాస్టరమ్మ దగ్గర. అన్నీ ఆల్బంలో పెడతారు."

జూలై 22, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాం. పాస్టరు గారు ఇబ్బంది పడ్డారు. ప్రభాకర్ ఆ చర్చికి ముఖ్యమైన మనిషి. సౌండ్ సిస్టమ్ ఆయనే ఇచ్చాడు. "సంఘంలో విభేదాలు రాకూడదని..." అని ఆయన మొదలుపెట్టగానే భార్య గ్రేసమ్మ గారు ఆల్బం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇది దేవుడికి చూపించి తీసిన ఫోటో అండీ," అన్నారు ఆయనతో. "దాచిపెట్టడానికి తియ్యలేదు."

ఆ పన్నెండు నెలల్లో కారు ఫోటోలు ఐదు. ప్రతి ఫోటో కింద మూలన కెమెరా ముద్రించిన నారింజ రంగు తేదీ. ప్రతి దానిలోనూ కుటుంబం మధ్యలో, ప్రభాకర్ కుడి పక్కన, తాళం చెయ్యి చాపి. అంత బాగా ఏ పోలీసూ సాక్ష్యం కూర్చలేడు. నాలుగు కార్లు నా జాబితాలో ఉన్నవే. ఐదోది ఆకుపచ్చ రంగు కారు, నాకు కొత్త. దాని కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది, నంబరు ఎవరి దగ్గరా లేదు. ఏడో కారు దొరికింది.

తేదీ చూశాను. 2003 జనవరి 1.

"ఆ రోజు కెమెరా బ్యాటరీలు మార్చాం," అన్నారు గ్రేసమ్మ గారు. "తేదీ మళ్లీ పెట్టలేదు. అది పోయిన సంవత్సరమే అండీ, చలికాలం పోతున్నప్పుడు."

"అంత చాలదమ్మా," అన్నాను. సువర్ణ ఫోటో మీద ఉన్న దుమ్ము తుడిచింది, దుమ్ము లేకపోయినా.

నంబరు ప్లేటు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. రాసుకుంటుండగా, ఆ ఆరు అక్షరాలు ఇంతకుముందు నా చేతితోనే రాసినట్టు తోచింది.

నా రిజిస్టర్

నా షెడ్డులోకి వచ్చిన ప్రతి బండినీ రిజిస్టరులో రాస్తాను. డబ్బు తీసుకున్నా, తీసుకోకపోయినా. ఆ సాయంత్రం వెనక్కి తిప్పాను.

"2005 ఆగస్టు 27, శనివారం, 11:20. చిరుజల్లు. ఆకుపచ్చ. తెచ్చినవారు: ప్రభాకర్. బావమరిది బండి, అమ్మకానికి అని చెప్పారు. మీటరు 64,210. బ్రేకు పెడల్ రబ్బరు బాగా అరిగింది. రుసుము లేదు."

నాకు అంతా గుర్తొచ్చింది. వారం ముందు మా ఇంట్లో భోజనం చేసిన మనిషి, "అన్నయ్య గారూ, ఫ్రెండ్లీగా ఒకసారి చూసి పెట్టండి, కొనేవాళ్లకు ధైర్యం" అన్నాడు. చూశాను. ఒక పేజీ నివేదిక ఇచ్చాను. దాని నకలు రిజిస్టరు వెనక గుచ్చి ఉంది. అందులో నా దస్తూరీతో ఈ వాక్యం ఉంది: "కారు స్థితి మీటరు చూపుతున్న దూరానికి తగినట్టుగా ఉంది."

అరవై నాలుగు వేలకు పెడల్ రబ్బరు అలా అరగదు. అరిగిందని నేనే చూశాను, నేనే రాసుకున్నాను. అయినా కింద ఆ వాక్యం రాశాను. ఎందుకు? మా ఇంట్లో తిన్న మనిషిని మీటరు గురించి అడిగితే బాగుండదని. సువర్ణ రసీదు అడగకపోవడానికి కారణం కూడా అదే. ఆమెకు ఈ దేశం కొత్త. నాకు అప్పటికి తొమ్మిదేళ్లు, పైగా అది నా వృత్తి. తొమ్మిదేళ్ల ముందు రాన్ కొట్టేసిన వాక్యాన్ని నేను మళ్లీ రాశాను. ఆ కాగితం చూపించి ప్రభాకర్ ఆ కుటుంబానికి కారు అమ్మాడు. నా దృష్టిలో ఆ అమ్మకంలో నేనూ ఉన్నాను.

ఏడో కారుకు ఉన్న తేదీ అదొక్కటే. ప్రభాకర్ పేరు ఉన్న కాగితం కూడా అదొక్కటే. ట్రిబ్యునల్‌కు పంపాలంటే రిజిస్టరు పేజీతో పాటు నివేదిక కూడా పంపాలి. సగం పంపితే నేను ఆయన కంటే మెరుగు కాను. రెండూ పంపాను.

నకళ్లు ఆయనకు అందింది ఆగస్టు 18, శుక్రవారం. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు.

"అన్నయ్య గారూ, మీ కాగితం మీరే పెట్టుకున్నారేంటండీ అందులో?"

"పెట్టాను."

"మీ పేరూ పోతుందిగా."

"పోతుంది."

"ఈ వయసులో అవసరమా మీకు?"

"ఆ మీటరు ఎవరు తిప్పారో చెప్పండి, ఫోన్ పెట్టేస్తాను."

ఫోన్ ఆయనే పెట్టేశాడు.

పన్నెండు నిమిషాలు

ఆగస్టు 22, మంగళవారం. ఉదయం నుంచి పడమటి గాలి, విడవని వాన. విచారణ 10 గంటలకు. 9:48కి ప్రభాకర్ తడిసిన కోటుతో వరండాలోకి వచ్చి, నన్ను దాటి, సువర్ణ ముందు ఆగాడు. బ్యాంకు చెక్కు తీశాడు. మొత్తం సొమ్ము.

"అమ్మాయ్, నీ కారు నేను వెనక్కి తీసుకుంటున్నా. లోపల ఆ కేసు లేదని చెప్పెయ్. ఇవాళే బ్యాంకులో వేసుకో."

సువర్ణ చెక్కు వైపు చూసి, నా వైపు చూసింది. ట్రిబ్యునల్ తీర్పు ఆ రోజే రాదు, రాసి పంపడానికి వారాలు పట్టవచ్చు. ఆమె గడువుకు తొమ్మిది రోజులు ఉంది.

"తీసుకుంటే తప్పా అంకుల్?"

నా ఏడు కార్లు, ఐదు సంతకాలు, నా రిజిస్టరు, నా నివేదిక, అన్నీ లోపల బల్ల మీద ఉన్నాయి. ఆమె చెక్కు తీసుకుంటే వాటిని ఎవరూ తెరవరు. తీసుకోవద్దని చెప్పాలని నాకు ఎంత బలంగా అనిపించిందో ఇక్కడ దాచను. కాని కోపం నాది, ఉద్యోగం ఆమెది.

"తప్పు కాదమ్మా. తీసుకో," అన్నాను.

సువర్ణ బ్యాగులోంచి తెల్ల కాగితం, పెన్ను తీసింది. "ఎందుకిస్తున్నారో దీని మీద రాసి సంతకం పెట్టండి అంకుల్."

ఆయన నిలబడే రాశాడు. కారు వెనక్కి తీసుకుని పూర్తి సొమ్ము ఇచ్చాను, అంతే.

"ఎందుకు అన్నది లేదుగా."

"మనం మనం అన్నీ రాసుకుంటామా అమ్మాయ్?"

"రాసుకోకపోబట్టే కదా అంకుల్ ఇక్కడిదాకా వచ్చింది."

ఆయన "గేర్‌బాక్సు లోపం వల్ల" అని కలిపాడు. మీటరు మాట రాయలేదు. 10 గంటలకు పిలిచారు. సువర్ణ లేచి, దరఖాస్తు ఉపసంహరించుకుంటున్నానని చెప్పింది. న్యాయాధికారి, పక్కనున్న వాహన నిపుణుడు మా కాగితాల కట్టను తెరవకుండానే పక్కన పెట్టారు.

మీ దగ్గరికి వచ్చినవారికి ఇలాంటి చెక్కు చూపిస్తే తీసుకోమనే చెప్పండి. చట్టం ఆమెకు ఇప్పించగలిగింది కూడా అంతే. దానితో పాటు మీ లెక్క చీకట్లోకి పోతుందని తెలిసే చెప్పండి.

ఆగస్టు 26న ఆమె నమోదైన వ్యాపారి దగ్గర ఇంకో కారు కొంది. అద్దం మీది సమాచార పత్రం, రసీదు అడిగి తీసుకుంది. కారు నేనే చూశాను, మీటరు చూపుతున్న అంకెకు నేను పూచీ కాదని రాశాను. 28, సోమవారం నుంచి 38 గంటల పని తిరిగి ఇచ్చారు. కారు ప్రార్థనకు నన్ను పిలిచారు, వెళ్లాను. ఫోటో తీసేముందు గ్రేసమ్మ గారు కెమెరా నా చేతికిచ్చి, "తేదీ సరిగ్గా ఉందో లేదో చూడండి" అన్నారు. సరిగ్గానే ఉంది.

లెక్క

సువర్ణకు డబ్బు వచ్చిందన్న వార్త పాకాక, కాఫీ మాత్రమే ఇచ్చిన తొమ్మిది ఇళ్లలో నాలుగు నా షెడ్డుకు వచ్చాయి. మొదట వచ్చింది డెయిరీ శ్రీనివాస్. "మాకు గూడ ఇప్పిస్తరా సార్?" అన్నాడు. తేదీ ఇప్పుడు యాదికొచ్చింది. పత్రాలు ఎలా నింపాలో నలుగురికీ చెప్పాను. నలుగురూ తీసుకెళ్లారు. ఒక్కరూ నింపలేదు.

ప్రభాకర్ నవంబరులో వ్యాపారిగా నమోదు చేయించుకుని యార్డు తెరిచాడు. ఆ రోజు పూలదండలు వేసినవాళ్లలో నా పద్నాలుగు ఇళ్లవాళ్లు ఉన్నారు. ఇకమీదట ఆయన అమ్మే ప్రతి కారుకూ హామీల చట్టం వర్తిస్తుంది. ఆ డెబ్బై రోజుల తిరుగుడు వల్ల జరిగిన మేలు అదొక్కటే. దాన్ని తక్కువ చేయను, పండగా చేసుకోను.

ఇక తుది లెక్క. 2005 జూన్ నుంచి 2006 మే వరకు, పన్నెండు నెలల్లో, ప్రభాకర్ అమ్మినట్టు నా రిజిస్టరులో తేలిన కార్లు పదకొండు. నేను తర్వాత స్వయంగా తెరిచి చూసినవి పది. వాటిలో మీటరు వెనక్కి తిప్పినవి ఎనిమిది. చూడలేకపోయింది ఒకటి, ఆకుపచ్చది. దాని కింద నా సంతకం ఉంది. ట్రిబ్యునల్‌కు వెళ్లిన దరఖాస్తులు ఒకటి. ఆయనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పులు సున్నా.